సగువారో జెముడు: ఎత్తు, చుట్టుకొలత, చేతులు, ముళ్లు – కొలిచేదెలా, చూసి చెప్పేదెలా

1. ఎర్రమట్టి_టూసాన్

అందరికీ నమస్కారం. అరిజోనాలోని తెలుగు బడి పిల్లల కోసం సగువారో మీద ఒక పాఠం తయారవుతోంది. చెట్టు ముందు నిలబడి పిల్లలు తామే కొలిచి రాసుకునేలా ఉండాలన్నది ఆలోచన. చిత్తుప్రతిలో ఇప్పటికి ఉన్నవి ఇవి:

శాస్త్రీయ నామం కార్నీజియా జైగాంటియా. వృక్షశాస్త్రవేత్త ఎంగెల్‌మన్ 1848లో దీన్ని సీరియస్ ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. 1908లో బ్రిటన్, రోజ్ అనే వృక్షశాస్త్రవేత్తలు దీనికి ప్రత్యేక ప్రజాతి కట్టి, ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ పేరు పెట్టారు. పుట్టిల్లు సొనోరా ఎడారి: దక్షిణ అరిజోనా, మెక్సికోలోని సొనోరా రాష్ట్రం, కాలిఫోర్నియా ఆగ్నేయ మూల కొద్దిపాటి చెట్లు. సముద్ర మట్టం నుంచి సుమారు 1,200 మీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది.

తేలనివి మూడు. ఒకటి, ఎత్తు: ఒకచోట 12 మీటర్లు, ఒకచోట 15, ఇంకోచోట 23 అని ఉంది. రెండు, "ఒక్క వానకు 750 లీటర్లు తాగుతుంది" అన్నమాట. మూడు, చేతుల్ని (కాండం పక్కల నుంచి లేచే కొమ్మల్ని) లెక్కపెట్టి వయసు చెప్పడం. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

2. బాటనీ_మాస్టారు

ఎత్తు సంగతి ముందు. ఆ మూడు అంకెలూ నిజమే, కానీ మూడూ వేర్వేరు సంగతులు. ఎదిగిన చెట్టు మామూలుగా 9 నుంచి 12 మీటర్లు ఉంటుంది. 15 దాకా వెళ్లేవి అరుదు. 23.8 మీటర్లది (78 అడుగులు) అరిజోనాలోని కేవ్ క్రీక్ దగ్గర ఒక్క చేయి కూడా లేకుండా నిలువునా పెరిగిన ఒకే ఒక్క చెట్టు. 1986లో గాలివానకు కూలింది. దాన్ని జాతి లక్షణంగా రాయకూడదు. అరిజోనాలోనే మారికోపా కౌంటీలో చాంపియన్‌గా, అంటే అతిపెద్దదిగా, నమోదైన చెట్టు ఎత్తు 13.8 మీటర్లే, కానీ చుట్టుకొలత 3.1 మీటర్లు. పాఠంలో "సాధారణంగా 9–12 మీ., అరుదుగా 15 మీ." అని రాసి, రికార్డును విడిగా పెట్టండి.

పిల్లలు కొలవడానికి తేలికైన పద్ధతి: కోణమాని పట్టుకుని, చెట్టు కొన సరిగ్గా 45 డిగ్రీల్లో కనిపించేదాకా వెనక్కి జరగాలి. అక్కడి నుంచి చెట్టు మొదలు దాకా ఉన్న దూరానికి కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు. ఇది సమతల నేల మీదే పనిచేస్తుంది. సగువారోలు ఎక్కువగా రాతి వాలుల మీద ఉంటాయి గనక అక్కడ రెండు కోణాలు తీసుకోవాలి: కొనకు పైకి ఒకటి, మొదలుకు కిందికి ఒకటి. ఉదాహరణకు సమాంతర దూరం 15 మీటర్లు, పై కోణం 32 డిగ్రీలు, కింది కోణం 6 డిగ్రీలు అనుకుందాం. 15 × (0.625 + 0.105) = దాదాపు 10.95 మీటర్లు.

ఎక్కడ తప్పుతుందంటే, చెట్టు మన వైపు వాలి ఉంటే ఎత్తు ఎక్కువ వస్తుంది, అటు వాలితే తక్కువ. చెట్టు వాలిన దిశకు అడ్డంగా నిలబడి కొలవాలి. పక్కన మనిషిని నిలబెట్టి ఫొటో తీసి లెక్కగట్టడం అస్సలు వద్దు. మనిషి చెట్టుకన్నా రెండు మీటర్లు ముందుకు వచ్చినా లెక్క చెడిపోతుంది.

3. చాండ్లర్_తెలుగు

చుట్టుకొలతకు ఒక జాగ్రత్త. నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున, టేపును కాండం మీది నిలువు గట్ల మీదుగా, ముళ్ల గుత్తుల మధ్య ఖాళీల్లోంచి పోనివ్వాలి. లోహపు టేపు వద్దు, చెట్టు తోలు గీసుకుపోతుంది. మెత్తని గుడ్డ టేపు వాడండి. ముళ్లు దట్టంగా ఉన్న చెట్టుకు రెండు నిలువు కర్రలు చెరో పక్క ఆనించి మధ్య దూరం కొలిస్తే అడ్డుకొలత వస్తుంది. దాన్నే మళ్లీ లంబ దిశలో తీసి సగటు కట్టండి.

తేదీ రాయని చుట్టుకొలతకు విలువ లేదు. అదే చెట్టు జూన్ చివర ఎండి సన్నబడి ఉంటుంది, ఆగస్టు వానల తరువాత ఉబ్బుతుంది. చివరి మంచి వాన ఎప్పుడు పడిందో కూడా పక్కన రాయించండి.

4. ముళ్లకంప

ఆ ఉబ్బడం తోలు సాగడం వల్ల కాదు. కాండం చుట్టూ నిలువు గట్లు, వాటి మధ్య గాడులు ఉంటాయి. ఎదిగిన చెట్టుకు సుమారు 12 నుంచి 24 గట్లు లెక్కకు వస్తాయి, లేత మొక్కకు తక్కువ. నీళ్లు తగ్గినప్పుడు గాడులు లోతవుతాయి, గట్లు దగ్గరికొస్తాయి. నీళ్లు దొరికినప్పుడు గాడుల లోతు తగ్గి కాండం గుండ్రబడుతుంది. హార్మోనియం తిత్తి లాంటి పని. అందుకే తోలు చిరగదు.

చెట్టు దప్పికతో ఉందా లేదా అని చూడాలంటే గాడిలో వేలు పెట్టి లోతు చూడండి. పైనుంచి కింది దాకా ఒకే తీరున లోతుంటే అది కరవు. ఒక పక్కే కుంగి మెత్తగా ఉంటే కుళ్లు. ఈ రెండూ ఒకటే అనుకుని, కుళ్లుతున్న చెట్టుకు నీళ్లు పోస్తారు చాలామంది. దానితో కుళ్లు మరింత వేగంగా పాకుతుంది.

5. ఎర్రమట్టి_టూసాన్

గట్లను ఏ ఎత్తు దగ్గర లెక్కపెట్టాలి? కింద ఒక లెక్క, పైన ఒక లెక్క వస్తోంది.

6. ముళ్లకంప

రావాల్సిందే. కాండం లావెక్కేకొద్దీ పైన కొత్త గట్లు మధ్యలో పుట్టుకొస్తాయి. ఒక గట్టు వెంట వేలుతో పైకి వెళ్తే అది రెండుగా చీలిన చోటు కనిపిస్తుంది. మొదలు దగ్గర ముసలి చెట్లకు తోలు బూడిద రంగు బెరడులా గట్టిపడి గట్లు మాసిపోతాయి, అక్కడ లెక్కపెట్టలేరు. అందుకని ఛాతీ ఎత్తున, అంటే ఆ 1.4 మీటర్ల దగ్గరే లెక్కించి, "1.4 మీ. వద్ద" అని రాయండి. మొదలు బెరడు కట్టడం రోగం కాదు, ఆ చిత్రం పాఠంలో ఉంటే మంచిది.

7. బాటనీ_మాస్టారు

ఇక బరువు, నీళ్లు. పుస్తకాల్లో అంకెలు వెతికేకన్నా లెక్క కడదాం, పిల్లలకూ పనికొస్తుంది. దేహంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఘన పరిమాణాన్ని నీటి బరువుగా తీసుకున్నా పెద్ద తేడా రాదు.

అడ్డుకొలత 45 సెంటీమీటర్లు ఉన్న కాండం అడ్డుకోత వైశాల్యం 0.159 చదరపు మీటర్లు. గాడుల కోసం పదో వంతు తీసేస్తే 0.143. అంటే మీటరు పొడవుకు దాదాపు 143 కిలోలు. పది మీటర్ల కాండం 1,430 కిలోలు. చేతులు ఒక్కోటి 30 సెం.మీ. లావు, రెండున్నర మీటర్ల పొడవు అనుకుంటే చేతికి 160 కిలోలు. అయిదు చేతులకు 800. మొత్తం రెండు టన్నుల పైచిలుకు. బాగా ఎదిగి చాలా చేతులున్నవి ఆరు టన్నుల దాకా ఉంటాయని సగువారో జాతీయ ఉద్యానవనం వాళ్ల లెక్క.

ఇప్పుడు ఆ 750 లీటర్లు చూడండి. రెండు టన్నుల చెట్టు ఒక్క వానకు అంత తాగితే మూడో వంతుకు పైగా ఉబ్బాలి. చుట్టుకొలత పది శాతం పెరిగితే అడ్డుకోత 21 శాతం పెరుగుతుంది, అంటే ఆ చెట్టుకు 400 లీటర్ల పైన. అందుచేత 750 అన్న అంకె భారీ చెట్లకే సరిపోతుంది, అన్నిటికీ అంటగట్టకండి. పిల్లలు తాము కొలిచిన చుట్టుకొలతతో ఈ లెక్క తామే చేస్తే అంకెలు ఎందుకు తేడాగా ఉంటాయో అర్థమవుతుంది.

8. జెముడుతోట_కర్నూలు

లోపలి కట్టడం మీద ఎవరూ రాయలేదు. అడ్డంగా కోస్తే బయటి నుంచి లోపలికి వరస ఇది:

మొదట మైనపు పూత, నీరు ఆవిరి కాకుండా. దాని కింద దళసరి తోలు. ఆ కింద పలుచటి ఆకుపచ్చ పొర. ఆకులు లేవు కాబట్టి ఆహారం తయారయ్యేది ఇక్కడే. తరువాత జిగురుతో నిండిన తెల్లని కండ, అదే నీటి నిల్వ. దాని లోపల వలయంగా నిలువు కర్ర ఊచలు. ఊచల మధ్య మళ్లీ మెత్తని దవ్వ, అదీ నీరు పట్టి ఉంచుతుంది.

ఊచలు పైభాగంలో విడివిడిగా ఉంటాయి, కాండం ఉబ్బినా సన్నబడినా అడ్డురావు. మొదలు దగ్గర మాత్రం ఒకదానికొకటి అతుక్కుని గట్టి గొట్టంలా తయారై బరువు మోస్తాయి. చెట్టు చచ్చాక కండ కుళ్లి రాలిపోతుంది, ఊచల కట్ట మాత్రం ఏళ్ల తరబడి నిలబడి ఉంటుంది. ఆ ఎడారి ఆదివాసులైన టొహోనో ఓఒధమ్ ప్రజలు ఈ ఊచల్ని ఒకదానికొకటి కట్టి పొడవాటి దోటీలు చేసి, వేసవిలో సగువారో పళ్లు కోస్తారు. పందిళ్లకూ, కంచెలకూ, ఇంటి పైకప్పులకూ వాడతారు.

కాండంలో మామూలు చెట్లలా ఏటేటా ఏర్పడే వలయాలు ఉండవు. కోసి వయసు లెక్కించడం కుదరదు.

9. చాండ్లర్_తెలుగు

రంధ్రాల విషయం కూడా చేర్చండి. సగువారో గాలి పీల్చే రంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి, పగలు మూసుకుంటాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచి, పగలు వెలుతురులో వాడుకుంటుంది. ఎండలో రంధ్రాలు తెరిస్తే నీరంతా పోతుంది గనక ఈ ఏర్పాటు.

దీని బలహీనత రాత్రి వేడిలో బయటపడుతుంది. రాత్రి చల్లబడకపోతే చెట్టు గాలి సరిగ్గా తీసుకోలేదు, ఉన్న నిల్వలు ఖర్చవుతాయి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 43.3 డిగ్రీలు (110 ఫారన్‌హీట్) గానీ, అంతకు మించి గానీ నమోదైంది. ఆ వేసవిలో నగరంలో చేతులు ఊడిపడ్డ చెట్లు, నిలువునా కూలిన చెట్లు చాలా కనిపించాయి. కాంక్రీటు, తారు రోడ్ల మధ్య పెంచిన వాటికి దెబ్బ ఎక్కువ.

10. ఎర్రమట్టి_టూసాన్

మరి వయసు? "చేతులు వస్తే 75 ఏళ్లు" అని అందరూ అంటారు.

11. బాటనీ_మాస్టారు

అది ఒక చోట కుదిరితే ఇంకో చోట కుదరదు. మొలక పుట్టిన మొదటి ఎనిమిదేళ్లలో ఒకటి, ఒకటిన్నర అంగుళాలు మాత్రమే ఎదుగుతుంది. దక్షిణ అరిజోనాలోని టూసాన్ చుట్టుపక్కల 35 ఏళ్లకు పూత మొదలవుతుంది. చేతులు 50–70 ఏళ్లకు రావచ్చు. వాన తక్కువ చోట వందేళ్లకు కూడా రాకపోవచ్చు. ఆయుర్దాయం 150–175 ఏళ్లు, కొన్ని ఇంకా ఎక్కువ బతుకుతాయి.

అంటే ఒకే ఎత్తున్న రెండు చెట్ల మధ్య, వాన తేడా వల్ల, దశాబ్దాల తేడా ఉండొచ్చు. ఒక్క చేయి కూడా లేకుండా ముసలివైన చెట్లూ ఉన్నాయి. చేతుల లెక్క వానల చరిత్రను చెబుతుంది, వయసును కాదు.

నమ్మదగిన పద్ధతి ముళ్లలో ఉంది. ముల్లు కొన దగ్గర పుట్టి, గట్టిపడి, ఇక పెరగదు, అక్కడే ఉండిపోతుంది. 1950–60ల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) ఎక్కువైంది గనక, ప్రయోగశాలలో ముల్లును పరీక్షించి అది ఏ కాలంలో పుట్టిందో చెప్పగలరు. కింది ముల్లు పాతది, పై ముల్లు కొత్తది. వాటి మధ్య ఎత్తు తేడాను బట్టి ఎదుగుదల వేగం తెలుస్తుంది. పిల్లల చేతిలో అది ఉండదు కాబట్టి పాఠంలో "వయసు" గడి తీసేయండి. దాని బదులు మూడు గడులు పెట్టండి: పూత ఉందా, చేతులు ఎన్ని, మొదటి చేయి ఏ ఎత్తున మొదలైంది.

12. ముళ్లకంప

వయసు బదులు చదవాల్సినది ఇంకొకటి ఉంది, నడుములు. పాత చెట్టు కాండం మీద అక్కడక్కడ సన్నబడి మళ్లీ లావైన చోట్లు ఉంటాయి. గడ్డకట్టే చలి గానీ, గట్టి కరవు గానీ వచ్చినప్పుడు కొన దెబ్బతిని అప్పటికి సన్నగా పెరిగింది. తరువాత కోలుకుని లావెక్కింది. ఒకే మైదానంలో చాలా చెట్లకు నడుము ఉంటే, అది ఆ ప్రాంతమంతటినీ తాకిన చలి అని అర్థం. ఒక్క చెట్టుకే ఉంటే ఆ చెట్టు సొంత దెబ్బ.

చలి దెబ్బకు ఇంకో ఆనవాలు వాలిన చేతులు. చేయి కాండానికి అతికే మెడ సన్నం. అక్కడి కండ చలికి పాడైతే బరువు మోయలేక చేయి కిందికి జారుతుంది, కొన్ని నెలల తరువాత కూడా. జారిన చేతి కొన మళ్లీ పైకి తిరుగుతుంది. 2011 ఫిబ్రవరి చలి తరువాత దక్షిణ అరిజోనాలో ఇలాంటివి చాలా చూడొచ్చు. రాత్రి కాసేపు సున్నా కిందికి పోవడం సగువారోను చంపదు. పగలు కూడా మంచు కరగకుండా రోజంతా గడ్డకట్టి ఉండటమే చంపుతుంది. ఉత్తరాన, ఎత్తున దాని హద్దు నిర్ణయమయ్యేది ఇక్కడే.

13. కడియం_మొక్కలు

మన వైపు నర్సరీల్లో "సగువారో" అని అమ్మేవాటిలో చాలావరకు అది కావు. తేడాలు:

సీరియస్ జాతుల స్తంభాలకు గట్లు అయిదు నుంచి తొమ్మిది, నీలి ఛాయ, ముళ్లు తక్కువ, త్వరగా కొమ్మలేస్తాయి. నిఖార్సైన సగువారో మొక్క అడుగు ఎత్తున్నప్పటికే గట్లు పది దాటుతాయి. ముళ్లు ఒత్తుగా ఉంటాయి, కొమ్మ ఉండదు.

బొంతజెముడు జెముడు కుటుంబమే కాదు. గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి గిల్లి చూసేవాళ్లు చేతులు కడుక్కోవాలి. సగువారోలో పాలు ఉండవు, పల్చటి జిగురు మాత్రమే.

14. జెముడుతోట_కర్నూలు

అసలు గందరగోళం కార్డోన్‌తో. దాని శాస్త్రీయ నామం పాచిసీరియస్ ప్రింగ్లీ, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానిది, సగువారో కన్నా పెద్దది; 19.2 మీటర్లది నమోదైంది. ఇంటర్నెట్‌లో "సగువారో" అని తిరిగే సముద్రపు ఒడ్డు ఫొటోలు ఎక్కువ భాగం కార్డోన్‌వే. బాహా ద్వీపకల్పం మీద సగువారో సహజంగా పెరగదు. అందుకే ఫొటో ఎక్కడిదో తెలిస్తే సగం గుర్తింపు అయిపోయినట్టే.

ఇక శరీరం చూసి గుర్తించాలంటే, ఫలించే చెట్టును చూడండి. సగువారో పూలు కాండం కొనన, చేతుల కొసన కిరీటంలా గుమిగూడతాయి. కార్డోన్ పూలు కొన నుంచి కిందికి పక్కల వెంట కూడా వస్తాయి. సగువారో కాయ దాదాపు నున్నగా ఉంటుంది, కార్డోన్ కాయ పచ్చని–గోధుమ ముళ్లతో నిండి ఉంటుంది. పూత లేనప్పుడు: కార్డోన్ కొమ్మలు నేలకు దగ్గరగా మొదలై నిటారుగా, గుంపుగా లేస్తాయి, సగువారో చేతులు చాలా పైన, కాండం మధ్య నుంచి వస్తాయి. గట్లు కార్డోన్‌కు తక్కువ, వెడల్పు ఎక్కువ. నేల నుంచే పది పన్నెండు కాండాలు లేస్తుంటే అది రెండూ కాదు, ఆర్గన్ పైప్ అనే వేరే జెముడు.

15. చాండ్లర్_తెలుగు

ముళ్ల గురించి కొలతలు ఇస్తున్నాను. ఒక్కో ముళ్ల కుదురులో 15 నుంచి 30 ముళ్లు, మధ్యవి 7 సెంటీమీటర్ల దాకా. కింది రెండు మీటర్లలో ముళ్లు గట్టిగా, పొడవుగా, బూడిద రంగుకు తిరిగి ఉంటాయి. మేసే జంతువులకు అందేది ఆ భాగమే. పూత వయసు వచ్చాక పైన పుట్టే ముళ్లు పసుపుగా, మెత్తగా, జుట్టులా ఉంటాయి. ఒకే చెట్టు మీద రెండు రకాల ముళ్లు చూసి రెండు జాతులు అంటుకట్టారేమో అని అడిగేవాళ్లున్నారు. కాదు, మెత్తబడిన చోటు నుంచి చెట్టు పూతకు వచ్చిందని దాని అర్థం.

కొనన ముళ్లు, నూగు కలిసి టోపీలా కప్పుతాయి. ఎదిగే మొగ్గకు ఎండ నుంచీ, చలి నుంచీ కాపు అది.

16. బాటనీ_మాస్టారు

పూలు, పళ్లు క్లుప్తంగా. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా తెల్లని మందపాటి పూలు, చీకటిపడ్డాక విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. రాత్రి గబ్బిలాలు, పగలు తెల్లరెక్కల గువ్వలు, తేనెటీగలు పరాగం మోస్తాయి. తన పుప్పొడితో తాను కాయదు. 1931 నుంచి ఇదే అరిజోనా రాష్ట్ర పుష్పం. జూన్, జూలైలలో పండు పగిలి లోపలి ఎర్రని గుజ్జు తెరుచుకుంటుంది. దూరం నుంచి దాన్ని ఎర్ర పువ్వని పొరబడతారు. సగువారోకు ఎర్ర పూలు లేవు, ఆ వాక్యం పాఠంలో తప్పక పెట్టండి. పండులో 2,000 దాకా నల్లని చిన్న గింజలు.

17. ఎర్రమట్టి_టూసాన్

కాండంలో గుండ్రని రంధ్రాలు కనిపిస్తాయి. అవి చెట్టుకు హానా? వాటిని పూడ్చాలని పక్కింటివాళ్లు అడుగుతున్నారు.

18. ముళ్లకంప

పూడ్చవద్దు. అవి గిలా వడ్రంగిపిట్ట, గిల్డెడ్ ఫ్లికర్ అనే పిట్టలు తొలిచినవి. చెట్టు గాయం చుట్టూ బెరడు లాంటి గట్టి పొర కట్టి, లోపలి గదిని పూర్తిగా మూసేసుకుంటుంది. పొర ఎండేదాకా నెలల తరబడి ఆగి పిట్ట కాపురం పెడుతుంది. అది వదిలేశాక చిట్టి గుడ్లగూబలు చేరతాయి. చెట్టు చచ్చి కండ పోయినా ఆ గట్టి తొర్ర బూటు ఆకారంలో మిగులుతుంది. పూర్వం అక్కడి జనం దాన్ని పాత్రగా వాడేవారు.

తేడా చూడాల్సింది ఎత్తు. వడ్రంగిపిట్ట కాండం మధ్య ఎత్తున, ఊచలకు బయటి కండలోనే తొలుస్తుంది, పెద్ద నష్టం ఉండదు. ఫ్లికర్ పెద్ద పిట్ట, కొనకు దగ్గరగా ఊచలు సన్నగా ఉన్న చోట వాటిని కూడా కోస్తుంది. అక్కడ పైభాగం బలహీనపడుతుంది. సిమెంటు పోస్తే తేమ లోపల చిక్కుకుని కుళ్లు మొదలవుతుంది. బరువు అదనం.

19. చాండ్లర్_తెలుగు

కుళ్లు సంగతి వచ్చింది కాబట్టి: బాక్టీరియా కుళ్లు మొదట తోలు మీద నల్లని చిన్న మచ్చగా కనిపిస్తుంది. తరువాత మెత్తబడి, పగిలి, దుర్వాసనతో నల్లని ద్రవం కారుతుంది. చిన్న మచ్చ ఎండిపోయి బెరడు కడుతుంటే కదపకండి, చెట్టే మూసేసుకుంటుంది. ద్రవం కారుతుంటే:

పదునైన కత్తిని శుభ్రం చేసి, మెత్తని భాగమంతా గట్టి తెల్లని కండ తగిలేదాకా తీసేయాలి. ఆ గుంట అడుగు బయటికి వాలుగా ఉండాలి, వాన నీరు నిలవకూడదు. ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీరు కలిపి గుంటను కడగాలి. ఆపై ఏమీ పూయకుండా, కప్పకుండా గాలికి వదిలేయాలి. తీసిన కుళ్లు ముక్కల్ని చెట్టు దగ్గర పడేయకూడదు, పురుగులు వాటి మీద వాలి మళ్లీ మోసుకొస్తాయి. ప్రతి కోతకూ కత్తిని బ్లీచులో ముంచాలి.

కుళ్లు చెట్టు మొదలు చుట్టూ పాకి ఉంటే ఈ వైద్యం వద్దు. మీరు మాస్టారి లెక్క చూశారు కదా, రెండు టన్నులు మీద పడొచ్చు. చెట్లు తొలగించేవాళ్లను పిలిపించి, అందాకా ఎవరినీ దాని పడే దూరంలోకి రానివ్వకండి.

20. జెముడుతోట_కర్నూలు

కూలడం అనగానే వేర్లు. తల్లివేరు రెండు అడుగుల పైచిలుకు లోతుకు మాత్రమే దిగుతుంది. మిగతావన్నీ నేలకు నాలుగు నుంచి ఆరు అంగుళాల లోపలే, చెట్టు ఎంత ఎత్తో అంత దూరం పరుచుకుంటాయి. చిన్న వానను కూడా అందుకోవడానికి ఈ పరుపు. ఇబ్బంది జూలై, ఆగస్టు గాలివానల్లో. చెట్టు నీరు తాగి బరువెక్కి ఉంటుంది, నేల నాని మెత్తబడి ఉంటుంది, అదే సమయాన గాలి కొడుతుంది. ఇంటి ముందు కందకం తవ్వి ఒక పక్క వేర్లు నరికితే ఆ పక్కకు వ్యతిరేక దిశలో కూలే ప్రమాదం పెరుగుతుంది. కాండం నుంచి చెట్టు ఎత్తంత దూరం వరకు తవ్వకం పెట్టుకోకండి, తప్పనిసరైతే చేత్తో తవ్వండి.

21. కడియం_మొక్కలు

మన దేశంలో పెంచాలనుకునేవారికి: తవ్వి తెచ్చే ఆలోచన మానుకోండి. అరిజోనాలో సగువారో కదిలించాలంటే రాష్ట్ర వ్యవసాయ శాఖ అనుమతి, ట్యాగు కావాలి. దేశాల మధ్య మొక్క తరలించాలంటే సైట్స్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధం వర్తిస్తుంది. మన వైపు దిగుమతి అనుమతి, ఫైటోశానిటరీ పత్రం (మొక్కకు చీడపీడలు లేవని చెప్పేది) ఉండాలి. అనుమతి ఉన్న అమ్మకందారు నుంచి గింజలు కొని పెంచుకోవడమే నయం.

గింజల్ని ముతక ఇసుక, చిన్న కంకర సగానికి పైగా ఉన్న మట్టి మీద చల్లాలి. పైన మట్టి కప్పకూడదు, మొలవాలంటే వెలుతురు కావాలి. 25–30 డిగ్రీల వెచ్చదనం, పైన గాజు మూత. వారం పది రోజుల్లో మొలుస్తాయి. కొబ్బరిపొట్టు ఎక్కువ వేస్తే మొలకలు మొదట్లోనే కుళ్లుతాయి.

అనంతపురం ఎండ దీనికి పట్టింపు కాదు, జూన్ నుంచి అక్టోబరు దాకా వదలని తేమ ఇబ్బంది. టూసాన్‌లో ఏడాది మొత్తం వాన సుమారు 270 మిల్లీమీటర్లు, అదీ చలికాలంలో కొంత, వేసవిలో కొంత. అందుకని వానాకాలంలో పైకప్పు కింద, గాలి ఆడేచోట ఉంచండి. మొలకల్ని నేరుగా ఎండలో పెట్టకండి. వాటి పుట్టింట్లో కూడా అవి పాలో వెర్డే, ఐరన్‌వుడ్, మెస్కీట్ చెట్ల నీడనే బతికి బట్టకడతాయి. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువే.

22. ముళ్లకంప

కుండీ మార్చేటప్పుడు దక్షిణం వైపున్న గట్టు మీద సున్నంతో చుక్క పెట్టి, కొత్త చోటులో కూడా ఆ చుక్క దక్షిణానికే ఉండేలా నాటండి. నీడ పక్క తోలు ఎండ పక్కకు తిరిగితే మాడి పసుపు మచ్చ పడుతుంది, అది ఎప్పటికీ పోదు. తెగిన వేర్లు ఎండి గట్టిపడేదాకా నీళ్లు పోయకూడదు, వారం రోజులు ఆగండి. ముందున్న లోతుకన్నా ఒక్క అంగుళం కూడా ఎక్కువ పాతకండి. పెద్ద చెట్టును మార్చితే వెంటనే చావదు, లోపలి నిల్వ మీద ఏళ్లు బతికి తరువాత కూలుతుంది. మొదటి ఏడాది పచ్చగా ఉందని నాటు పట్టిందనుకోకూడదు, కొన కొత్త ముళ్లు వేస్తోందో లేదో చూడాలి.

23. ఎర్రమట్టి_టూసాన్

అందరికీ ధన్యవాదాలు. కొలత పట్టిక ఇలా మారుస్తున్నాను: తేదీ, చివరి వాన, ఎత్తు (రెండు కోణాలతో, చెట్టు వాలిన దిశకు అడ్డంగా), 1.4 మీ. వద్ద చుట్టుకొలత, గట్ల సంఖ్య, గాడి లోతు. మొదటి చేయి ఎత్తు, చేతుల సంఖ్య, వాలినవి ఎన్ని. మెత్తని ముళ్లు మొదలయ్యే ఎత్తు. నడుములు ఏ ఎత్తుల్లో. రంధ్రాలు మధ్యలోనా, కొనకు దగ్గరా. మొదలు బెరడు ఎంత ఎత్తు దాకా. "వయసు" గడి తీసేశాను.

విసనకర్రలా కొన విప్పారిన చెట్లను ఏ గడిలో రాయించాలి?

24. బాటనీ_మాస్టారు

వాటికి విడిగా "కిరీట రూపం" అని ఒక గడి పెట్టండి. ఎదిగే మొగ్గ ఒక బిందువుగా కాక గీతలా సాగినప్పుడు కొన అలా పరుచుకుంటుంది. జన్యు మార్పు అనేవారూ ఉన్నారు, మెరుపు లేదా చలి దెబ్బ అనేవారూ ఉన్నారు. కాండానికే వచ్చిందా, చేతికా, విసనకర్ర వెడల్పు ఎంత, దాని పై నుంచి మామూలు చేతులు మొలిచాయా అన్నవి రాయించండి. అలాంటి చెట్టుకు గట్ల లెక్క విప్పారిన భాగం కింద తీసుకోవాలి. అది అరుదు గనక, ఎక్కడుందో గుర్తు పట్టేలా స్థలం వివరాలు మాత్రం బయట పెట్టకండి. దొంగతనంగా తవ్వుకుపోయేవాళ్లు ఉన్నారు.